మాణిక్యాంబ గారి డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. పుట్టింది రాజమండ్రిలో. కొన్నరోజే పేర్లు చెక్కే ముసలాయన నా మూత మీద టకటకా చుక్కలు పొడిచి ‘మాణిక్యాంబ’ అని రాశాడు. ఇళ్ళిళ్ళూ తిరిగే వాళ్ళం కదా, ఒంటి మీద పేరుంటేనే ఎవరింటికి వాళ్ళం చేరతాం.

మాణిక్యాంబ కూతురు హైమవతి నర్సు ఉద్యోగానికి స్కాట్లండ్ బయల్దేరినప్పుడు, ఆవిడ నా నిండా సున్నుండలు పెట్టింది. “ఎవరికిచ్చినా అడిగి తెచ్చుకోవే. మొగమాటపడ్డావంటే డబ్బా పోద్ది” అంది. నిరుడు వానల్లో ఆవిడ పోయింది. హైమవతికి సెలవు దొరికేసరికి అన్నీ అయిపోయాయి. తల్లి గుర్తుగా మిగిలింది నేనూ, నా మీది పేరూ.

చలికాలం మొదట్లో హైమవతి నాలో పులిహోర పెట్టి పక్కింటి ఐలీకి ఇచ్చింది. ఐలీకి డెబ్భై ఏళ్ళు. గొర్రెల్ని పెంచుతుంది, పొట్టేలు కొమ్ములతో చేతికర్రలకు పిడులు చేస్తుంది. పులిహోర ఒక్క పూటలో అయిపోయింది. నా మూత చూసి మాత్రం “అయ్యో, ఎన్ని గీతలు!” అనుకుంది. బాగుచేసి ఇద్దామని షెడ్డులో పెట్టి మరిచిపోయింది. హైమవతి వారానికోసారి వచ్చేది, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయేది. ఆ దేశంలో ఆ కబుర్లు ఎంతకీ తరగవు.

మార్చి చివర్లో ఐలీకి నేను గుర్తొచ్చాను. కొమ్ములు నునుపుచేసే చక్రం మీద నన్ను గంటసేపు అరగదీసింది. అరవడానికి నాకు నోరు లేదు.

మర్నాడు నన్ను సంచిలో వేసుకుని హైమవతి తలుపు కొట్టింది. “ఎండొచ్చింది, ఇంకా ఇంట్లోనే కూర్చుంటావా? పద!” ఇద్దరూ కొండెక్కారు. శిఖరం మీద ఇంకా కాస్త మంచు ఉంది. కింద పొదలు పసుపుపచ్చగా పూశాయి. పుట్టి రెండ్రోజులైనా కాని గొర్రెపిల్లలు తూలుతూ పరుగెత్తుతున్నాయి. హైమవతి వాగులో కాళ్ళు పెట్టి, చలికి కెవ్వుమని అరిచి, పకపకా నవ్వింది. తల్లి పోయాక ఆమె నవ్వు వినడం నాకదే మొదలు. ఎంత సంతోషమేసిందో.

అప్పుడు ఐలీ నన్ను బయటికి తీసింది. నా నిండా అడవి వెల్లుల్లి ఆకు. “పప్పులో వేసుకో. గీతలన్నీ పోగొట్టాను కూడా.”

హైమవతి బొటనవేలు మూతంతా వెతికింది.

“అవి గీతలు కావు, ఐలీ. మా అమ్మ పేరు.”

ఐలీ ముఖం పాలిపోయింది. “ఇన్నాళ్ళూ ఎందుకడగలేదు?” అంది. ఒకరు మర్యాదకు అడగలేదు, ఇంకొకరు మర్యాదకు అరగదీశారు. మధ్యలో పోయింది నా పేరు.

ఐలీ జేబులోంచి మేకు తీసి, “ఎలా రాస్తారో చూపించు” అంది. హైమవతి తడి ఇసుకలో వేలితో రాసింది. ఐలీ రాయి పుచ్చుకుని, చూసి చూసి, ఒక్కో చుక్కా పొడిచింది. అక్షరాలు వంకరపోయాయి. హైమవతి వాటిని సరిచేయించలేదు.

ఇప్పటికీ ఆ రెండిళ్ళ మధ్యే తిరుగుతున్నాను. మూడో రోజు దాటితే చాలు, హైమవతి వెళ్ళి తలుపు కొడుతుంది.

“ఐలీ, మా అమ్మ డబ్బా ఇచ్చెయ్యి.”