కొత్త నల్లా

పొద్దున్నే నాలుగోసారి గుడ్డ పిండాను. స్నానాలగదిలో టబ్బు పైనున్న నల్లా గోడలోకి దూరే చోట నీళ్లు కారి నేలంతా పారుతున్నాయి. తుడిచేది నేనే. పెళ్లయి మూడు నెలలు. అందులో రెండున్నర నెలలు ఆ నీళ్లతోనే నా కాపురం.

ఆ టబ్బును మొదటిసారి చూసి ఎంత మురిసిపోయానో! వేల్పూరులో మా ఇంట్లో బకెట్టూ చెంబే. ఇక్కడ బోధన్‌లో మామయ్య ముచ్చటపడి తెల్లటి టబ్బు పెట్టించాడు. నిండా వేడినీళ్లు పట్టి మెడదాకా మునగాలని ఆ రోజే అనుకున్నాను. అడిగితే అత్తమ్మ నవ్వింది. "బర్రెలు పన్నట్టు అండ్ల ఎవలన్న పంటరా?" అంది. అందులో ఇంటిల్లిపాది బట్టలు నానుతాయి. వాటిని ఉతికేదీ నేనే.

నల్లా సంగతి ఎత్తితే చాలు, అఖిలేష్ నా ముక్కు పట్టి ఊపి, ఆదివారం మార్చేస్తానంటాడు. ఆయనలా నా ముక్కు పట్టుకోవడం నాకెంత ఇష్టమో, ఆ ఆదివారం మీద అంత అనుమానం. తొమ్మిది పోయాయి. నేనే మారుస్తానంటే, మగవాళ్ల పనుల్లో వేలు పెడితే నా కొడుకు విలువేం కావాలంది అత్తమ్మ. కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు. కూర కలుపుతున్నా చెవి అటే ఉంటుంది. బీఎస్సీలో నీటి పీడనం గురించి పేజీలు పేజీలు రాసినదాన్ని, ఈ గుడ్డ పిండుకుంటూ ఎన్నాళ్లు?

అత్తమ్మ గుడికి, అఖిలేష్ ఎరువుల షాపుకు పోగానే పైకెక్కి ట్యాంకు వాల్వు కట్టేశాను. పానాతో నల్లా ఊడదీసి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. సేటు దేవిదాస్, మీ ఆయనను పంపమ్మా అన్నాడు. "ఆయనెందుకు, నల్లానే తెచ్చిన గదా," అన్నాను.

అలాంటిదే కొత్త నల్లా, దాని మరలకు చుట్టే తెల్ల టేపు కొని ఇంటికొచ్చాను. మొదట టేపు ఎదురువైపు చుట్టాను. నల్లా బిగిస్తుంటే ముద్దయి ఊడొచ్చింది. ఈసారి నల్లా తిరిగే వైపే చుట్టి బిగించాను. వాల్వు తిప్పొచ్చి గోడకు వేలు ఆనించాను. పొడిగా ఉంది. ఒక్కదాన్నే ఆ గదిలో గంతులేశాను.

సాయంత్రం చూపిస్తే అఖిలేష్ కళ్లు మెరిశాయి. అంతలో పక్కింటి గంగమణక్క వచ్చింది. అత్తమ్మ ఆమెకు నల్లా చూపించి, "మా అఖిలేషే మార్చిండు," అంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల గోక్కుని, నా చెవి దగ్గరికి వంగాడు.

"ఎవలు చేస్తేంది, మన ఇల్లే గదా."

మన ఇల్లే. మరి ఇన్నాళ్లూ తడిసినవి నా కుచ్చిళ్లేనా?

"మా వంటింటి నల్లా గూడ కారుతుంది తమ్మీ, జర వచ్చి మార్చు," అంది గంగమణక్క.

అఖిలేష్ నవ్వు ఆగిపోయింది. బేలగా నన్ను చూశాడు. పాపం, ఎంత ముద్దుగా ఉన్నాడో. వెళ్లి పానా, మిగిలిన టేపు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"పోయి రాండి. ఎటు తిప్పాల్నో తెల్వకుంటే, ఇక్కడ మార్చింది ఎవలో అక్కకు చెప్పుండ్రి. తానం చేసినంక నేనే వస్త."

స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను. నానుతున్న చొక్కాలన్నీ బకెట్లోకి తీసి, టబ్బు కడిగి, నల్లా నిండుగా తిప్పి అందులోకి దిగాను. నీళ్లు మోకాళ్లు దాటాయి. తలుపవతల అత్తమ్మ ఏదో అంటోంది. నల్లా హోరులో నాకు వినబడలేదు.