ఖాజాగూడ మగ ఈగ

ఆదివారం లాబ్‌లో ఏసీ ఆగిపోయింది. సోమవారం పొద్దున తలుపు తీసేసరికి గది ఉడికిపోతోంది. సీసాల్లోని పండ్ల ఈగలు దాదాపు అన్నీ చచ్చి అడుగున పడి ఉన్నాయి.

ఆ ఈగల మీద పరిశోధన చేసే ప్రవీణక్క కంగారులో బతికినవాటిని ఒకే చల్లని సీసాలోకి దులిపేసింది. దులిపాక గానీ రెండు జాతులు కలిసిపోయాయని గుర్తు రాలేదు. ఒకటి ఎక్కడైనా దొరికే మెలనోగాస్టర్. రెండోది అక్క మూడేళ్లుగా పెంచుతున్న సిమ్యులన్స్. ఖాజాగూడ రాళ్ల దగ్గర పట్టి తెచ్చింది. అక్కడ ఇప్పుడు పునాదులు తవ్వేశారు. ఇక దొరకవు. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి; ఆడవాటినైతే వేరు చేయనే లేం.

ఖాజాగూడ సీసా గోడకు అంటుకున్న ప్యూపా ఒకటి ఆ పొద్దునే పగిలి, ఆడ ఈగ బయటికొచ్చింది. దానికి దాని జాతి మగ ఈగే జత కావాలి. మెలనోగాస్టర్ మగది జత పడితే పుట్టేవన్నీ గొడ్డు ఈగలే. అక్క పని అక్కడితో సరి.

నేను ఇంటర్ సెలవుల్లో పని నేర్చుకోవడానికి వచ్చాను. ఆ బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్ చేసే మా మేనత్త యాదమ్మే అక్కను అడిగి చేర్పించింది. లాబ్‌లో నా గొంతు విన్నవాళ్లు తక్కువ. కానీ అక్కడ ఒక పద్ధతి ఉంది. ప్రతి ఈగనూ ఇద్దరు విడివిడిగా చూడాలి. ఏం చూశారో పైకి చెప్పాలి.

బతికిన మగవి రెండే. ఈథర్ మత్తులో తెల్ల పలక మీద పడుకున్నాయి. అక్క ఏడ్చి ఉబ్బిన కళ్లతో మైక్రోస్కోపులోకి వంగింది.

"ఇదే మనది. చూడు మమతా, త్వరగా."

చూశాను. కాదు.

"కాదక్కా."

వెనక నిలబడ్డ రవికిరణ్ సర్ ముందుకొచ్చారు. మా లాబ్ పెద్ద ఆయనే. "ఎలా చెప్తున్నావమ్మా?"

"అది... అట్ల లేదు సర్."

"ఏది ఎలా లేదు?"

నా చెవులు కాలిపోతున్నాయి. పదో తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు మా సారు "ఇది ఇంటికాడ సదువుకోండ్రి" అని పేజీలు తిప్పేశారు. ఇంట్లో దాన్ని ఇంకో పుస్తకం చాటున పెట్టి చదివాను. ఆ మాట ఒక్కసారి కూడా పైకి అనలేదు.

పలక మీద ఒక కాలు కదిలింది.

"మత్తు దిగుతోంది! మళ్లీ ఇస్తే చచ్చిపోతాయే," అంది అక్క. బ్రష్ చివరన మొదటి ఈగను అప్పటికే ఎత్తేసింది.

"జననాంగం!" అన్నాను. గది మొత్తానికి వినిపించింది. "మగదాని జననాంగం పక్కనుండే చెవితమ్మె లాంటిది సర్. దీనికి కొక్కెంలాగ సన్నగుంది. మనదానికి సగం చిప్పలాగ వెడల్పుండాలె."

ఎవరూ నవ్వలేదు. సర్ వంగి చూశారు.

"కొక్కెమే. ఆపు ప్రవీణా. రెండోది చూడండి."

రెండోది అప్పటికే లేచి కూర్చోబోతోంది. అక్క చూసింది, నేను చూశాను.

"చిప్ప," అన్నాం ఇద్దరం.

అది తూలుతూ ఆడ ఈగ ఉన్న గొట్టంలోకి జారింది. గొట్టం మూతికి దూది నేనే బిగించాను.

వేడి తగిలితే మగవి పిల్లల్ని పుట్టించడానికి పనికిరాకుండా పోతాయట. రోజూ గొట్టాన్ని వెలుగుకెత్తి చూసేవాళ్లం. ముందు పురుగులు పాకాయి, తర్వాత ప్యూపాలు కట్టాయి. మొదటి కొడుకు బయటికొచ్చిన రోజు ఇద్దరం వంగి చూశాం. సగం చిప్ప.

బస్‌స్టాప్‌లో అత్త అడిగింది: "మీ అక్క తెగ మెచ్చుకుంటుందేందే? అంత చిన్న ఈగల ఏం జూసి గుర్తువట్టినవ్?"

చుట్టూ జనం ఉన్నారు.

"ఇంటికాడ చెప్త అత్తా," అన్నాను.