అయిదున్నర అడుగుల బాట

నర్సంపేట రోడ్డు మీది షోరూంలో రాకేష్ అనే అమ్మకాల మనిషి అరగంటగా మాట్లాడుతున్నాడు. ఆ అరగంటలో ఒక్కసారి కూడా రమ ముఖం వైపు చూడలేదు. బకెట్‌లో ఎంత మట్టి పడుతుందో, ఇంజను బలమెంతో, గంటకు డీజిలెంత తాగుతుందో అన్నీ రాజమల్లుకే చెప్పాడు. మిగిలిందేమైనా ఉంటే రాజమల్లు తమ్ముడు కుమారస్వామికి చెప్పాడు. రమకు మాత్రం చల్లటి డ్రింకు ఇచ్చి ఫ్యాను కింద కుర్చీ చూపించాడు. మర్యాదే, కాదనలేం. కానీ నాలుగేళ్లుగా ట్రాక్టర్ స్టీరింగ్ పట్టి అరచేతులు కాయలు కాచిన మనిషికి చేయాల్సిన మర్యాద అది కాదు.

కుమారస్వామి రమ భర్త. ట్రాక్టర్‌కు ముందు బ్లేడు కట్టి, చుట్టుపక్కల ఊళ్లలో పొలాలు చదును చేయడం, గట్లు పోయడం, పశువుల కొట్టాలకు పునాదులు తీయడం ఆయన మొదలుపెట్టిన పని. నడుము దెబ్బతిని, దవాఖానలో డాక్టరు ఇక బండెక్కొద్దన్నాక ఆ సీట్లో రమ కూర్చుంది. ఊరు నెల రోజులు ముక్కున వేలేసుకుంది. తర్వాత తన పొలంలో పని పడగానే ఆ వేలు తీసి ఫోను నొక్కింది. ఇప్పుడు పని పెరిగింది, ట్రాక్టర్ సరిపోవడం లేదు. బావ రాజమల్లు సగం పెట్టుబడి పెడతానన్నాడు. సగం పెట్టేవాడు కాబట్టి ఏ బండి కొనాలో మొత్తం తానే తేల్చాలనుకున్నాడు.

రమ డ్రింకు పక్కన పెట్టి లేచింది. సంచిలోంచి మేస్త్రీలు వాడే టేపు తీసింది. షోరూం మధ్యలో పెళ్లికొడుకులా నిలబడ్డ ఆ పసుపుపచ్చ జేసీబీ ఒక టైరు అంచున కొస పెట్టి, రెండో టైరు అంచుదాకా లాగింది.

"ఏం జేస్తానవే?" అన్నాడు కుమారస్వామి.

"ఏడున్నర అడుగులు," అంది రమ. "మనూళ్లె సోమక్క పొలం ఒడ్డు మీద బాట అయిదున్నర. ఇది ఏడికెళ్లి పోతది బావా?"

రాకేష్ నవ్వాడు. "అందరు బకెట్ ఎంతని అడుగుతరు మేడం. వెడల్పు అడిగింది మీరొక్కలే."

"అందరు రోడ్డు మీద పని చేస్తరేమో. నేను పొలంల చేస్త."

రాజమల్లుకు తల కొట్టేసినట్టయింది. "ఊరంత ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని ఊకెనే అన్లే. బండంటె ఇంటి ముందల నిలబెడ్తె నలుగురు సూడాలె. పైసలు చేతుల పెడ్తె బాట ఎవలియ్యరు?"

రమకు ఒళ్లు మండింది. బావకు తెలియదని కాదు, తెలిసీ లెక్కలేదని. వాళ్ల ఊళ్లో ఒక పద్ధతుంది. కోతలయ్యాక ఎవరి పొలంలోంచి ఎవరి బండైనా పోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. నాట్లు పడ్డాయా, ఇక గట్టు ఆ పొలంవాళ్లది. దాని మీద బండి పోవాలంటే ఇంటికి పోయి నోటితో అడగాలి, వాళ్లు నోటితో ఊ అనాలి. కాగితాలుండవు, పైసలుండవు. నాలుగేళ్లలో అలా ఎన్ని గుమ్మాల ముందు నిలబడిందో, ఎన్ని కప్పుల చాయ తాగిందో రమకే తెలుసు. పొలాలు ఖాళీగా ఉండేది ఏడాదికి రెండు నెలలు. మిగతా పది నెలలూ ఆ పెద్ద బండి ఇంటి ముందు ఎండకు ఎండి, చివరికి రోడ్ల కాంట్రాక్టులకు పోతుంది. దానితోపాటు తను గట్టు గట్టు తిరిగి నిలబెట్టుకున్న పని కూడా చేజారిపోతుంది. అది మాత్రం ఆమె పోనివ్వదు.

"నేనొకటి సూసిన," అంది. "అది గూడ సూడున్రి."

కొత్తవాడ దాటాక జమాలుద్దీన్ షెడ్డు. పాత బండ్లు కొని, బాగు చేసి అమ్ముతాడు. ఆ షెడ్డు మూలన మూడేళ్ల పాత చిన్న పొక్లెయిన్ ఉంది. టైర్ల బదులు చైన్లు, ముందు చిన్న బ్లేడు, బకెట్ చూస్తే ఇంట్లో గంప అంత. వెడల్పు అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ.

రాజమల్లు దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. "ఇది బండా, జాతరల పోరగాండ్లు ఎక్కే బొమ్మనా?"

"నవ్వున్రి సేట్, నవ్వుకు పైసల్లేవ్," అన్నాడు జమాలుద్దీన్. "ఎక్కు బిడ్డా. జర సూపియ్యి."

రమ ఎక్కింది. రెండు చేతులా రెండు లివర్లు పట్టి, షెడ్డు వెనక గడ్డ కట్టిన మట్టిలో మూరెడు లోతు కాలువ గీత గీసినట్టు తీసింది. కుమారస్వామి నోరు తెరిచాడు. నెల రోజులుగా మంగళవారం మంగళవారం విత్తనాల దుకాణానికని చెప్పి పెళ్లాం ఎక్కడికి పోతోందో అతనికప్పుడు తెలిసింది.

"ఒక్క విత్తనం గూడ ఇంటికి రాకపాయె, నేను అనుకుంటనే ఉన్న," అని గొణిగాడు. గొంతులో కోపం లేదు.

రాజమల్లు మాత్రం తగ్గలేదు. ఊళ్లో సమ్మమ్మ అనే ముసలామెకు రెండెకరాల వరి పొట్ట మీదుంది. పొలానికి నీళ్లు తెచ్చే పిల్లకాలువ పూడుకుపోయింది. గురువారం కాలువ నీళ్లు వదులుతారు, ఈ తడి అందకపోతే పైరు తాలు పోతుంది. కూలికి పిలుద్దామంటే అందరూ మిర్చి ఏరడానికి పోయారు.

"సమ్మమ్మ కాల్వ కాడనే తేల్చుకుందాం," అన్నాడు రాజమల్లు. "రేపు పెద్ద బండిని ట్రయల్‌కు పిలిపిస్త. అది జెయ్యకపోతె నీ బొమ్మనే కొందాం."

"మాట మీద ఉంటవా బావా?"

"ఉంట."

మంగళవారం పొద్దున పెద్ద బండి ఊళ్లోకి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ఊరు ఊరంతా వెనకాలే నడిచింది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్నట్టు, దానికి బలముంది, పెద్ద బకెట్ ఉంది, పోవడానికి బాటే లేదు. సమ్మమ్మ పిల్లకాలువ సోమక్క గట్టు వెంటే పారుతుంది, అక్కడికి పోవాలంటే ఆ గట్టు మీదుగానే పోవాలి. డ్రైవరు గట్టు దగ్గర ఆగి రాజమల్లు వైపు చూశాడు. రాజమల్లు పోనిమ్మన్నట్టు చేయి ఊపాడు. ఎడమ టైరు గట్టు దిగి వరిలోకి దిగబడింది.

సోమక్క కొడవలి చేతపట్టుకుని పొలంలోంచి లేచి వచ్చింది. యాభై దాటిన మనిషి, ఊళ్లో ఎవరినీ గట్టిగా ఒక మాట అనదు. ఆ రోజు అంది.

"ఎవలు రమ్మన్నరు?"

"తొక్కిన కాడికి పైసలిస్త సోమక్కా," అన్నాడు రాజమల్లు జేబులో చేయి పెడుతూ. "ఎంతనో చెప్పు."

"కంకి పొట్టల ఉన్నది రాజమల్లు. కడుపుతోనున్నదాన్ని తొక్కి పైసలిస్తనంటవా? ఇంటికొచ్చి ఒక మాటడగడానికి నీ కాళ్లకేమైంది?"

రాజమల్లు జేబులోంచి చేయి తీసి, వెనక్కి తిప్పమని డ్రైవరుకు సైగ చేశాడు. బండి తిరగడానికి చోటు లేదు. వచ్చిన బాట వెంటే అరకిలోమీటరు వెనక్కి వెనక్కి పోయింది. ఊరు ఊరంతా పక్కకు జరిగి దానికి దారిచ్చింది.

ఆ సాయంత్రం రమ సోమక్క ఇంటికి పోయింది. చాయ తాగింది. "అక్కా, నీ ఒడ్డు మీదికెళ్లి చిన్న బండి పట్టుకొని పోత. ఒక్క కంకి ఇరిగినా ఆడనే బండి ఆపి దిగుత," అంది.

సోమక్క ఖాళీ కప్పు అందుకుంది. "నువ్వే నడుపుతవా?"

"నేనే."

"అయితె పో."

బుధవారం పొద్దున జమాలుద్దీన్ బండిని ట్రాలీలో తెచ్చి దింపాడు. రమ గట్టెక్కించింది. ఒక్కో పక్క నాలుగంగుళాల జాగానే మిగిలింది. కుడి చైను కింద మట్టి పెళ్లలుగా రాలి కాలువలో పడుతుంటే ఆమె లివర్లు ఇంకా మెల్లగా నెట్టింది. భయపడలేదని చెబితే అబద్ధం. కానీ ఆపలేదు. గట్టు మీద బండిని వెనక్కి నడుపుతూ, పక్క కాలువలోంచి గడ్డీ బురదా తీసి ఒడ్డున పోస్తూ పోయింది. మెల్లగానే సాగింది. గట్టు మీద చేరినవాళ్లు నవ్వారు. "కోడి పెంట గీకినట్టు గీకుతాంది," అన్నాడు శ్యాంసుందర్, పక్క పొలం ఆసామి. రమకు వినబడింది. నవ్విన నాపచేనే పండుతుందని మనసులో అనుకుని, బకెట్ మళ్లీ దించింది.

పొద్దుగూకేదాకా చేసినా ముప్పై గజాలు మిగిలింది. గురువారం తెల్లారగానే అదీ ముగించింది. ఆమె బకెట్ పైకెత్తిన గంటకు నీళ్లొచ్చాయి. ఎర్రగా, చెత్తను నెట్టుకుంటూ, సమ్మమ్మ మడిలోకి దూకాయి. సమ్మమ్మ చీర ఎత్తిపట్టుకుని ఆ నీళ్లలో నిలబడి, "బిడ్డా రమా, నా వరి బతికింది!" అని ఊరందరికీ వినబడేలా అరిచింది. శ్యాంసుందర్ తలగోక్కుంటూ వచ్చి, మా కాల్వ గూడ జర సూడు చెల్లె అన్నాడు.

రమకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. బండిని వచ్చిన దారి పట్టించేసరికి గట్టు మధ్యలో రాజమల్లు నిలబడి ఉన్నాడు. తెల్లబట్టలు, కొత్త చెప్పులు. వెనక కుమారస్వామి, ఇంకో పదిమంది.

"మాటంటె మాటే. గీ బండినే కొందాం," అన్నాడు రాజమల్లు. రమ ఊపిరి పీల్చుకునేలోగా ఇంకో మాట కలిపాడు. "నర్సంపేటల డ్రైవర్ను గూడ మాట్లాడిన. రేపటికెళ్లి వస్తడు. తమ్ముడు మంచంల ఉన్నడని ట్రాక్టర్ నడిపినవ్, నేనేమనలే. గిది లక్షల బండి. మనింటి ఆడది ఊరంత సూడంగ దీని మీద కూసుండుడు మంచిగుండదు. దిగు."

రమ దిగలేదు. ఇంజను కూడా ఆపలేదు.

"దిగుమంటాన్న గదా!"

"ఆమె దిగదన్నా," అన్నాడు కుమారస్వామి వెనకనుంచి, మెల్లగా.

సోమక్క తన మడిలో కలుపు తీస్తూనే తలెత్తింది. "నీ డ్రైవరెవడో నాకెర్కలే రాజమల్లు. నా ఒడ్డు మీద బాట రమకిచ్చిన, బండికియ్యలే. వాడొస్తె మొన్న పెద్ద బండి పోయినట్టే వెనుకకు పోతడు."

"మా ఒడ్డుకు గూడ గదే మాట," అన్నాడు శ్యాంసుందర్.

రాజమల్లు చుట్టూ చూశాడు. ఏ గట్టు మీది మనిషీ అతని వైపు మాట్లాడలేదు. వీళ్లందరి గుమ్మాలకు తాను ఎప్పుడూ పోలేదని అతనికి అప్పుడు తట్టిందో లేదో, అతనికే తెలియాలి.

"బావా, పక్కకు జరుగు," అంది రమ. "శ్యామన్న కాల్వ కాడికి పోవాలె. నీళ్లు మూడు రోజులే వస్తయి."

లివర్ ముందుకు నెట్టింది. చైన్లు మెల్లగా కదిలాయి. గట్టు మీద బండికే జాగా ఉంది, పక్కన మనిషికి లేదు. ఒక పక్క సోమక్క వరి, ఇంకో పక్క పారే కాలువ. రాజమల్లు రెండడుగులు వెనక్కి వేశాడు. సోమక్క వైపు చూశాడు, ఆమె చేతిలో కొడవలి వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి చేత పట్టుకుని, తెల్లప్యాంటు మోకాళ్లదాకా తడుస్తుంటే కాలువలోకి దిగి నిలబడి, రమ బండి పోయేదాకా ఆగాడు.