పై బోల్టు

వెనక గేరు పళ్ళు విరిగిన రోజున బండి నిండా నిమ్మ మొక్కలున్నాయి. ఎత్తు సగం ఎక్కాక కింద ఏదో పటపటమంది. బండి ఇక కదలలేదు. పెద్దల్లుడు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, మొక్కలకు నీళ్ళు చల్లి, నడిచి ఇంటికొచ్చి మామగారికి సంగతి చెప్పాడు.

బండి మామగారిది. ఆయన మొక్కలు పెంచి అమ్ముతాడు. వాలు మీది తోటలకు మామూలు బండి ఎక్కదని నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నాడు. తోలేది పెద్దల్లుడు. నూనెలు, మరమ్మతులు చూసేది చిన్నల్లుడు. అతనికి వీధి చివర మెకానిక్ షెడ్డుంది.

ఆ సాయంత్రం అందరూ అన్నాల ముందు కూర్చున్నప్పుడు చిన్నల్లుడు తీర్పు చెప్పేశాడు.

"మొన్ననేగా మామయ్యా, ఇంజన్లో, ముందు, నడిమి, వెనక గేర్లలో, నాలుగు చోట్లా ఆయిల్ మార్చాను. గేరుది తప్పు కాదు. అన్నయ్య తారు రోడ్డు మీద కూడా నాలుగు చక్రాల పట్టు తియ్యడు. అలా తోలితే ఇనుమైనా ఏడుస్తుంది."

పెద్దల్లుడు ఆ పట్టు బురదలో తప్ప వేసి ఎరగడు. ఆ మాటే అన్నాడు. ఒక్కసారే అన్నాడు. చిన్నల్లుడు పదిసార్లు అన్నాడు. మామగారు చెయ్యి చాపి తాళంచెవి తీసుకున్నాడు.

వెనక గేరు కొత్తది వేయించారు. అప్పటినుంచి మొక్కలు ఎక్కించాల్సినప్పుడల్లా చిన్నల్లుడే బండి తోలుతున్నాడు. పెద్దల్లుడు ఒంటి చక్రం తోపుడు బండిలో మట్టి మోస్తున్నాడు.

"బావా, నీ తోపుడు బండికి గేర్లుండవు. హాయి కదూ!" అంది మరదలు, చిన్నల్లుడి భార్య, ఒకరోజు అన్నాల దగ్గర.

అందరూ నవ్వారు. అతని భార్య నవ్వలేదు. సగం తిన్న కంచం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అది అతను మర్చిపోలేదు.

బండి కడగడం మాత్రం అతని పనిగానే మిగిలింది. అలా కడుగుతూ ఒకనాడు కిందికి దూరితే, నడిమి గేరు పెట్టె పై బోల్టు కనిపించింది. నూనె పోసేది అది మూసే కన్నంలోంచే. బోల్టు మీదనుంచి పెట్టె మీదికి ఒక పసుపు గీత ఉంది. బండి తయారైన చోట బిగించి గీసిన గీత అది. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత తెగాలి. తెగలేదు.

నాలుగు చోట్లా నూనె మార్చానన్నవాడు ఇక్కడ చెయ్యే పెట్టలేదు. ఇక్కడ పెట్టనివాడు వెనక మాత్రం పెట్టాడా?

అతను లేచి వెళ్ళి ఎవరికీ చెప్పలేదు. చెబితే చిన్నల్లుడు అప్పటికప్పుడు ఏదో ఒకటి అల్లేస్తాడు. తాళంచెవి వస్తే రావచ్చు, పోయిన పేరు రాదు. అతనికి పేరు కావాలి. అది కూడా ఆ పేరు తీసినవాడి నోటితోనే కావాలి. చిన్నల్లుడి కంట పడకుండా గుప్పెడు బురద తీసి గీత మీద మెత్తాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు కడిగినా ఆ బురద మాత్రం కడగలేదు.

కొన్నాళ్ళకు నడిమి పెట్టె మూలగడం మొదలైంది. ఈసారి నూనె మారుస్తుంటే దగ్గరుండి చూస్తానన్నాడు మామగారు. ఆయిల్ తెమ్మని పెద్దల్లుణ్ణి కొట్టుకు పంపాడు. అతను రెండు రకాలు తెచ్చి షెడ్డులో దించాడు.

"రెండు రకాలెందుకన్నయ్యా?" చిన్నల్లుడు నవ్వాడు. "గేరుకు పోసేది గేర్ ఆయిలే. ఒక నోటికి రెండు గ్లాసులా?"

"వెనక గేరుకు చిక్కటిది, నడిమి పెట్టెకు పలచటిది. బానెట్ కింద రేకు మీద రాసి ఉంది. పోయినసారి నడిమి పెట్టెలో నువ్వేది పోశావు తమ్ముడూ?"

"చిక్కటిదే. నా చేత్తో నేనే పోశాను. పొంగి మోచేతి దాకా కారింది కూడా."

"పై బోల్టు బాగానే వచ్చిందా?"

"వెన్నలా వచ్చింది."

పెద్దల్లుడు మామగారి వైపు చూశాడు. ముక్కాలిపీట మీద కూర్చుని ఆయన వింటున్నాడు.

బండిని షెడ్డులో మరమ్మతుల గుంత మీద నిలిపి చిన్నల్లుడు కిందికి దిగాడు. ఎరిగినవాడెవడైనా ముందు పై బోల్టు తిప్పి చూస్తాడు. నింపే దారి తెరుచుకుంటుందని తేలాకే ఖాళీ చేసే దారి తెరుస్తాడు. చిన్నల్లుడిది ఎప్పుడూ తలకిందుల పనే. అతని పానా కింది బోల్టు మీద పడింది. 'ముందు పైది చూడు' అన్న మాట పెద్దల్లుడి నాలుక చివరిదాకా వచ్చింది. అతను పళ్ళు బిగించాడు.

కింది బోల్టు మూలుగుతూ ఊడింది. నల్లటి నూనె నీళ్ళలా దూకింది. కాలిన వాసన.

"చిక్కటిది పోశానన్నావు, పలచగా ఉందేం?" అన్నాడు మామగారు.

"వేడికి పలచబడుతుంది మామయ్యా."

చివరి చుక్క దాకా కారింది. అప్పుడు పానా పై బోల్టుకు తగిలించాడు. కదల్లేదు. పానాకు గొట్టం తొడిగి వేలాడాడు. సుత్తి తీశాడు. బోల్టు మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి.

"వెన్న గడ్డకట్టిందా తమ్ముడూ?" అన్నాడు పెద్దల్లుడు.

మామగారు పీట మీంచి లేచాడు. "పోయినసారి ఎలా తీశావయ్యా దీన్ని?"

పెద్దల్లుడు గుంతలోకి దిగి గుడ్డతో బురద తుడిచాడు. "ఆ గీత తెగకుండా బోల్టు తిరగదు మామయ్యా."

మామగారు వంగి చాలాసేపు చూశాడు. చిన్నల్లుడు గబగబా అందుకున్నాడు. "ఈ బోల్టు సంగతి తర్వాత చూద్దాం మామయ్యా. కిందిది బిగించేస్తాను. లోపల జిడ్డుంటుంది, ఒక్కసారి పైకెళ్ళి రావడానికి ఏం కాదు. తోటకు పోవాల్సిన మొక్కలు ఎండిపోతాయి."

పెద్దల్లుడు బండిలో వేలాడుతున్న తాళంచెవి తెచ్చి అతని ముఖం ముందు, గుంత గట్టు మీద పెట్టాడు.

"అయితే తోలు. ఇప్పుడే. మామయ్యా నేనూ పక్కన కూర్చుంటాం."

చిన్నల్లుడు చెయ్యి చాపలేదు. "ఎత్తు మీద గేర్లు పట్టేస్తే?"

"పట్టేస్తే తోలేవాడి తప్పేగా."

షెడ్డు ముందు ఎవరో మరమ్మతుకు బండి తెచ్చి హారన్ కొట్టారు. గుంత ఖాళీ లేదు. చిన్నల్లుడు అటు చూశాడు, మామగారి కాళ్ళ వైపు చూశాడు.

"ఆ రోజు పని ఎక్కువైంది. దీన్ని తెరవలేదు. వెనకదీ తెరవలేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. ఇంట్లో చెప్పకు."

"నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్తావు."

మామగారు గట్టు మీది తాళంచెవి తీసి పెద్దల్లుడి చేతిలో పెట్టబోయాడు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అదెక్కడికీ పోదు మామయ్యా. ముందు ఇంటికి పదండి."

బండి కదిలే స్థితిలో లేదు గనక ముగ్గురూ నడిచారు. చిన్నల్లుడు చేతులైనా కడుక్కోలేదు. వెనకబడిపోతున్నాడు. పెద్దల్లుడు ఆగలేదు, అడుగు తగ్గించలేదు. గుమ్మం దగ్గర మాత్రం నిలబడ్డాడు. లోపల అక్కాచెల్లెళ్ళు ఏదో మాట్లాడుకుంటున్నారు. చిన్నల్లుడు వచ్చేదాకా ఉండి, పక్కకు జరిగి దారిచ్చాడు.

"నువ్వు ముందు నడు తమ్ముడూ."