నల్ల దారం పరీక్ష

ఇంటి కింద సెల్లారుకి ఇంకా సీలింగు వెయ్యలేదు. దూలాలు, వాటి మధ్య పైపులు, వైర్లు అన్నీ బయటికే కనిపిస్తున్నాయి. అయినా సరే, కుట్టుమిషను అక్కడే పెట్టుకుంటానని టైలరమ్మ పట్టుబట్టింది.

"నడుమ పెద్ద లైటొకటి వేలాడదీస్తే పట్టపగల్లా ఉంటుందక్కా. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా," అంటూ ఎలక్ట్రీషియన్ ఆమె మాట వినకుండానే బిగించేశాడు. చూద్దామని వచ్చిన ఆమె మొగుడి నెత్తికి అది ఠంగుమని తగిలింది.

"నెత్తి సంగతి తర్వాత," అని టైలరమ్మ ఎలక్ట్రీషియన్‌ని మిషను ముందు కూర్చోబెట్టింది. నల్లగుడ్డ పరిచి, సూదీ నల్లదారమూ చేతికిచ్చింది. "ఎక్కించు తమ్ముడూ, చూద్దాం."

అతను వంగాడో లేదో, అతని తల నీడ అతని వేళ్ల మీదే పడింది. నాలుగుసార్లు దారం కొస తడిపాడు. నాలుగుసార్లూ సూది బెజ్జం దొరకలేదు.

"వెలుగంతా నీ వీపు మీద పడుతోంది. నేను కుట్టేది వీపుతోనా?" అంటూ ఆమె కొలబద్దతో పైకి చూపించింది. మిషనుకి ముందొక ట్యూబులైటు, అటొకటి, ఇటొకటి. మూడూ దూలాల సందుల్లోకి ఒదిగి ఉండాలంది.

గొణుక్కుంటూనే పెద్ద లైటు విప్పేసి, ఆ మూడూ బిగించి, అతను మళ్లీ సూది పట్టుకున్నాడు. మొదటిసారికే దారం సర్రున దూరింది. "ఎక్కిందక్కా!" అని లేచి గంతేశాడు. నెత్తికి ఏదీ తగల్లేదు.

కాసేపటికి అతను గోడవైపు తిరిగి, జేబులోంచి పుస్తకం తీసి ఆ లైట్ల కొలతలు గీసుకోవడం టైలరమ్మ కంటపడింది.

"దాచుకోకు, బాగా రాసుకో," అంది మిషను తొక్కుతూ. "కింద నా పేరు కూడా వెయ్యి."