సగం ఫ్రేము ఖాళీ

నేను ఒక యాక్షన్ కెమెరాని. అగ్గిపెట్టెకి అన్నయ్యలా ఉంటాను. నీళ్ళలో ముంచినా, రాళ్ళమీద పడేసినా చావనని చెప్పి ఫ్యాక్టరీవాళ్ళు నన్ను లోకంలోకి పంపారు. మనుషుల చేతిలో పడితే ఏమవుతానో వాళ్ళకి తెలియదు పాపం.

నా మొదటి యజమాని విశాఖలో బ్యాంకు ఆఫీసరు. నన్ను హెల్మెట్‌కి కిందిచూపుగా బిగించి బీచి రోడ్డంతా సైకిలు తొక్కేవాడు. ఇంటికెళ్ళి చూసుకుంటే సముద్రం లేదు, రోడ్డు లేదు. ఎక్కిదిగే రెండు మోకాళ్ళే. వాటిని వాళ్ళ అత్తగారు తప్ప ఎవరూ మెచ్చుకోకపోవడంతో నన్ను అమ్మేశాడు.

కొన్నది శృంగవరపుకోటలో పెళ్ళి వీడియోలు తీసే పైడిరాజు. మేనకోడలు కుసుమ కోసం కొన్నాడు. ఆ పిల్ల ఘాట్ రోడ్డు మీద సైకిలు వదిలితే గాలికే ఆయాసం వస్తుంది. మలుపు ఎలా తిరుగుతుందో ఒక వీడియో తీసి పంపితే, విశాఖ సైకిల్ జట్టులో చోటుందో లేదో చెబుతామన్నారు జట్టువాళ్ళు. మేం కొండెక్కిన రోజు సాయంత్రమే ఆఖరు గడువు.

పైడిరాజు పెళ్ళి పందిళ్ళలో నేర్చిందంతా కొండమీదికి మోసుకొచ్చాడు. మనిషి ఫ్రేముకి నట్టనడుమ ఉండాలి, చుట్టాల్లో ఎవరూ తప్పిపోకూడదు. మొదటిసారి కుసుమని నడుమనే పట్టుకుని, ఆమెతోపాటు నన్నూ తిప్పాడు. కొండ పరుగెత్తింది, పిల్ల కుర్చీలో కూర్చున్నట్టుంది. చాలదన్నట్టు ఇటు చూసి నవ్వమన్నాడు. చిన్నప్పటినుంచీ మావయ్య కెమెరాకి అలవాటు పడిన మొహం కదా, చూసింది. సైకిలు కంకరలోకి జారింది. మోకాలు చీరుకుపోయింది.

రెండోసారి ఆమె సరిగ్గా మలుపులోకి వచ్చేసరికి నన్ను పక్కకి తిప్పేశాడు. అక్కడ కుసుమ పెద్దమ్మ టిఫిన్ క్యారేజీతో కూర్చుని ఉంది. ఆవిణ్ణి తీయకపోతే రేపు మాటలుండవట. పులిహోర మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

ఎండ కొండ వెనక్కి దిగిపోతోంది. కుసుమ కుంటుకుంటూ వచ్చి నన్ను అతని చేతిలోంచి లాక్కుని, మలుపు లోపలి అంచున నేలమీద ఒక రాయికి ఆనించింది. వచ్చేవైపు కాస్త, వెళ్ళేవైపు బోలెడు రోడ్డు కనిపించేలా సర్దింది.

పైడిరాజు వంగి చూసి కంగారుపడ్డాడు. "ఏటే, సగం ఫ్రేము కాళీగా వొగ్గీసినావు? ఎవులైనా సూస్తే నాకు పని రాదనుకుంటారు."

"కాళీ కాదు మావయ్యా. అది నానెల్లాల్సిన సోటు."

అతను గొణుక్కుంటూ పక్కకి తప్పుకున్నాడు.

పైన కుసుమ చీమంత కనిపించింది. క్షణక్షణానికీ పెద్దదై, మోకాలు రోడ్డుకి తగులుతుందా అన్నంతగా వాలి, నా ముందునుంచి దూసుకుపోయింది. టైరు ఎగరేసిన కంకర నా అద్దాన్ని ఓ మూల పగలగొట్టింది. రాళ్ళమీద నేను పడితే ఏం కాదన్నారు గానీ, రాళ్ళే నామీద పడితే సంగతేమిటో ఎవరూ చెప్పలేదు.

ఆ వీడియోతోనే కుసుమకి జట్టులో చోటొచ్చింది. నేను పైడిరాజు స్టూడియోలో గాజు అరలో, పాత చార్జర్ల మధ్య పడి ఉన్నాను. ఎదురుగా టీవీలో ఆ వీడియో తిరుగుతూనే ఉంటుంది. మొన్న ఆల్బం కోసం వచ్చిన పెళ్ళికొడుకు తండ్రి అది చూసి, పిల్ల వెళ్ళిపోయాక కూడా ఆ ఉత్త రోడ్డు ఎందుకు, కోసెయ్యొచ్చుగా అన్నాడు.

పైడిరాజు తెరమీంచి చూపు తిప్పలేదు.

"ఉండనీండి బాబూ. పిల్ల ఇంకా ఎల్తంది."