సంచి తీసేసిన తర్వాత

పుష్పలతకు పెళ్లికి ముందు నుంచే నెలసరి అంటే నరకం. నడుము పగిలిపోయేది, కాళ్లు లాగేవి, మంచంలో ముడుచుకుని పళ్లు బిగబట్టి పడుకునేది. "అందరికి అచ్చేదేనాయె, నీకేమన్న కొత్తనా?" అనేది తల్లి. రెంజల్ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాక అత్త హన్మవ్వ కూడా అదే అన్నది. ఈ ఒక్క మాటలో వియ్యపురాళ్లిద్దరికీ భలే పొత్తు కుదిరింది.

బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఇంట్లో చెరకు మాని పసుపు పట్టారు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ముట్టయిన ఆడది కడాయి ఛాయలకు రాకూడదు, వస్తే రంగు చెడుతుందని హన్మవ్వ నమ్మకం. ఆ పిచ్చి నమ్మకమే పుష్పలతను కాపాడుతూ వచ్చింది. వెనక పాకలో చాప వేసుకుని పడుకుంటే ఎవరూ లేపేవాళ్లు కాదు.

భర్త శ్రావణ్ మంచివాడు. ఆమె బాధ చూడలేక నిజామాబాద్ తీసుకుపోయాడు. డాక్టరమ్మ స్కానింగ్ చూసి ఎండోమెట్రియోసిస్ అన్నది. గర్భసంచి లోపలి పొర లాంటిదే సంచి బయట, అండాశయాల మీదా పేగుల మీదా పెరుగుతుందనీ, నెలనెలా అక్కడా రక్తం ఊరి, పోయే దారి లేక నొప్పి పెడుతుందనీ విడమరిచి చెప్పింది. ఏళ్ల తరబడి మాత్రలు వాడాలంది. పుష్పలత బయటికొచ్చి ఏడ్చేసింది. తన నొప్పికి ఒక పేరుందని తెలిసిన సంతోషం అది.

ఆ సంతోషం ఇల్లు చేరేదాకానే.

"ఏండ్లకేండ్లు గోలీలు మింగుడేంది? మన వాడకట్టుల సగం మంది తీపిచ్చుకోలేదా? ఇద్దరు పిల్లలైరి, ఇంక సంచి ఎందుకు దానికి? తీపియ్యి, పీడ పోతది," అన్నది హన్మవ్వ కొడుకుతో.

పుష్పలతకూ ఆశ పుట్టింది. నెలసరే లేకపోతే నొప్పి ఎక్కడినుంచి వస్తుంది అనుకుంది. రోడ్డు పక్క ఒక చిన్న ఆసుపత్రిలో అడగడమే ఆలస్యం, కోసి పంపించారు. పాత స్కానింగ్ చూసే తీరిక అక్కడ ఎవరికుంది!

కుట్లు మానాయి, నొప్పి మానలేదు. మునుపు నెలకోసారి వచ్చేది, ఇప్పుడు చెప్పాపెట్టకుండా వస్తోంది.

మళ్లీ పసుపు ఉడకబెట్టే కాలం వచ్చింది. ఒక పొద్దున పుష్పలత కడుపు పట్టుకుని పాకలో పడుకుంటే హన్మవ్వ వెనకే వచ్చింది.

"ఏమైంది పిల్లా?"

"కడుపుల నొప్పి అత్తమ్మా. ఓర్వ శాతనైతలేదు."

"సంచే లేకపాయె, నొప్పెక్కడిది? లే, కడాయికాడ మనుషులు తక్కువున్నరు. ఇగ నీకు అంటుముట్టు లేదు గదా."

ఆమె కోపంతో అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగింది. పుష్పలత కడుపు పట్టుకునే లేచి వెళ్లింది. ఆవిరి ముఖానికి కొడుతుంటే పసుపు తోడుతూ తోడుతూ కడాయి పక్కనే కూలబడింది.

శ్రావణ్ ఆమెను మళ్లీ నిజామాబాద్ డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయాడు. ఆపరేషన్ మాట వినగానే డాక్టరమ్మ ముఖం వాడిపోయింది.

"జబ్బు సంచి బయట ఉందమ్మా. అది అట్లనే ఉంది, పేగులకు కూడా అతుక్కుంది. మాత్రలు మొదలుపెడదాం, కొంత తగ్గుతుంది. మొత్తం పోతుందని మాత్రం చెప్పలేను."

పుష్పలత తల వంచుకుని కూర్చుంది. శ్రావణ్ ఆమె చేయి పట్టుకున్నాడు. పనులు ఎటుపోయినా సరే, ఈసారి భార్యను బాగు చేయించుకునే పోవాలని వచ్చాడు పాపం.

"మేడం, ఇగ ఏం తీసేపియ్యాల్నో చెప్పుండ్రి," అన్నాడు. "రేపే చేపిస్త."